బండి ఎంతో బోను అంత

సర్కసు డేరాకి రెండు ముఖాలుండేవి. ముందు వైపు రంగురంగుల బోర్డులు, వాటి మీద నోరు తెరిచిన సింహం బొమ్మ, టిక్కెట్ల కిటికీ, బ్యాండు మేళం. వెనక వైపు జంతువుల బోనుల వరస. ముందు వైపు గురించి కథలు రాశారు, సినిమాలు తీశారు. నా ధ్యాస మాత్రం చిన్నప్పటి నుంచీ వెనక వైపే.

సంక్రాంతి దాటి, కోతల డబ్బు జనం చేతుల్లో ఆడుతుండగా మా గోదావరి ఊళ్ళకి సర్కసు దిగేది. రాత్రిపూట ఆకాశంలో సర్చిలైటు తిరిగేది. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు ఆ వెలుగు చూసి బళ్ళు కట్టేవాళ్ళు. పగలు రిక్షాకి మైకు కట్టి కరపత్రాలు విసురుకుంటూ పోతుంటే పిల్లలం వెనకాల పరిగెత్తేవాళ్ళం. ఏనుగుల్ని స్నానానికి కాలవకి తోలుకెళ్తుంటే వీధి వీధంతా అరుగుల మీదికొచ్చేది. అసలు ఆట సాయంత్రమే అయినా, పొద్దున్నే డేరా వెనక కంచె దగ్గర నిలబడితే కాపలా మనిషి ఒక్కోసారి చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. అక్కణ్ణుంచి బోనులు కనిపించేవి. గడ్డి, పేడ, పచ్చిమాంసం, ఫినాయిలు, అన్నీ కలిసిన వాసన. ఒక బోనులో పులి నడుస్తూ ఉండేది. నాలుగడుగులు అటు, తిరగడం, నాలుగడుగులు ఇటు, మళ్ళీ తిరగడం. తిరిగే చోట ప్రతిసారీ అదే కమ్మీకి భుజం రాసుకునేది. ఆ రాపిడికి ఆ ఒక్క కమ్మీ మిగతావాటికంటే నున్నగా మెరిసేది. చూడ్డానికొచ్చిన పెద్దవాళ్ళు కొందరు ‘ఆకలేస్తోంది దానికి’ అనేవాళ్ళు, కొందరు ‘కోపంగా ఉంది’ అనేవాళ్ళు.

మా తాతయ్యకి బాడుగ బళ్ళుండేవి. ఒక పొద్దున్న ఆయన కూడా నాతో వచ్చి కంచె దగ్గర నిలబడ్డాడు. పులిని ఒక చూపు చూసి, బోనుని మాత్రం చాలాసేపు చూశాడు. “దానికి కోపం కాదురా అబ్బాయ్, చోటు లేదు” అన్నాడు. “మరి పెద్ద బోను చెయ్యొచ్చు కదా తాతయ్యా?” అంటే, “బండి ఎంతో బోనూ అంతే. అంతకంటే పెద్దది చేస్తే ఊరు దాటదు” అన్నాడు. బళ్ళు తోలించి బతికిన మనిషి కనక ఆయన కంటికి అదే ముందు ఆనింది. సర్కసు జంతువుల గురించి తర్వాత నేను చదివినదంతా ఈ మాట చుట్టూనే తిరుగుతోందనిపిస్తుంది. అందరూ కొరడా గురించి మాట్లాడతారు. కొరడా కంటే ముందు ఆ కొలత ఉంది.

ఊరూరా తిరిగే జంతుశాలలకి ఇంగ్లండులో అందరికంటే పేరు తెచ్చినవాడు జార్జ్ వూంబ్‌వెల్. 1777లో పుట్టాడు. లండన్‌లోని సోహోలో చెప్పులు కుట్టి బతికేవాడు. 1804 ప్రాంతంలో రేవుకొచ్చిన ఓడలో రెండు బోవా కొండచిలువలుంటే కొని, సారా దుకాణాల్లో జనానికి చూపించి, పెట్టిన డబ్బుకి మించి సంపాదించాడు. ఆపైన ఇక చెప్పుల జోలికి పోలేదు. 1810 నాటికి జంతువుల్ని బళ్ళకెక్కించుకుని సంతల వెంట బయల్దేరాడు. ఏనుగులు, సింహాలు, చిరుతలు, కంగారూలు, జీబ్రాలు. 1839 నాటికి ఆయన వెంట 15 బళ్ళుండేవి. రైలు దారులు అప్పుడప్పుడే పడుతున్న రోజులవి. జన్మలో లండన్ ముఖం చూడని పల్లెటూరి కూలీ, తన ఊరి సంతలోనే, చిల్లర డబ్బులిచ్చి సింహాన్ని చూశాడు. ఆ కూలీ సంతోషాన్ని నేను తక్కువ చెయ్యను. పుస్తకం కొనలేనివాడికి, కొన్నా చదవలేనివాడికి, ఆ బండే పుస్తకం.

అయితే ఆ బళ్ళు బురద దారుల్లో, వానలో, మంచులో ఊరి నుంచి ఊరికి పోవాలి. వేడి దేశాల్లో పుట్టిన జంతువులు ఆ చలికి చాలా పోయేవి. పోయిన జంతువు కళేబరాన్ని, లోపల కూరి బొమ్మగా నిలబెట్టే వాళ్ళకో, వైద్యం నేర్పే పాఠశాలలకో అమ్మేవాడు. ఒక్కోసారి ఆ కళేబరాన్నే ప్రదర్శనకి పెట్టేవాడు.

దీని మీద ఇంగ్లండులో చెప్పుకునే కథ ఒకటుంది. లండన్‌లో ఏటా బార్తలోమ్యూ తిరునాళ్ళు జరిగేవి. ఒక ఏడు వూంబ్‌వెల్ ఎక్కడో ఉత్తరాన న్యూకాసిల్‌లో ఉన్నాడు. తన పోటీదారు అట్కిన్స్ లండన్‌లో డేరా వేశాడని తెలిసి, రాత్రనక పగలనక బళ్ళు తోలించుకొచ్చాడు. తీరా వచ్చేసరికి అలసటకి ఏనుగు ప్రాణం పోయింది. అట్కిన్స్ వెంటనే బోర్డు కట్టాడు: ఈ తిరునాళ్ళలో బతికున్న ఏనుగు ఇదొక్కటే. వూంబ్‌వెల్ ఊరుకోలేదు. అంతకంటే పెద్ద బోర్డు కట్టాడు: ఈ తిరునాళ్ళలో చచ్చిన ఏనుగు ఇదొక్కటే. జనం చచ్చిన ఏనుగు దగ్గరికే ఎగబడ్డారు. ఈ కథని అందరూ వూంబ్‌వెల్ వ్యాపార తెలివికి గుర్తుగా చెబుతారు. నాకు మాత్రం ఇందులో జనమే కనిపిస్తారు. బతికున్న ఏనుగుకి కాస్త ఎడంగా నిలబడాలి. చచ్చినదాన్నైతే చెవి పట్టుకుని చూడొచ్చు, కర్రతో పొడవొచ్చు, తొండం ఎత్తి పట్టుకోవచ్చు. జంతువుకి ఎంత దగ్గరైతే అంత బాగా చూసినట్టు అనుకునే కోరిక మనలో ఉంది. చివరికి చావు ఆ దూరాన్ని పూర్తిగా చెరిపేస్తే, దానికీ టిక్కెట్టు కొన్నారు. న్యూకాసిల్ నుంచి లండన్ దాకా ఆ ఏనుగు నడిచిన దారి గురించి అడిగినవాళ్ళెవరూ ఆ కథలో లేరు.

1825లో వారిక్ పట్టణంలో వూంబ్‌వెల్ సింహానికీ కుక్కలకీ పోటీ పెట్టాడు. ముందు నీరో అనే సింహాన్ని దింపారు. అది మహా సాధువని పేరు. కుక్కలు మీదపడి పీకుతున్నా అది తిరగబడలేదు. కొద్ది రోజులకి వాలెస్ అనే ఇంకో సింహాన్ని దింపితే, అది కుక్కల్ని చీల్చి పారేసింది. ఈ వాలెస్ ఎడిన్‌బరోలో బోనులోనే పుట్టింది. పుట్టుకతోనే అడవి ఎరగదు. దాని తోలు కూర్చిన బొమ్మ ఇప్పటికీ సాఫ్రన్ వాల్డెన్ అనే చిన్న ఊరి మ్యూజియంలో ఉంది. 1850లో వూంబ్‌వెల్ పోయాక లండన్‌లోని హైగేట్ శ్మశానంలో ఆయన సమాధి మీద రాతి సింహాన్ని పెట్టారు. గెలిచిన వాలెస్‌ని కాకుండా, కొట్లాటకి ఒప్పుకోని నీరోని చెక్కారు. ముందు కాళ్ళ మీద తల ఆనించి నిద్రపోతున్నట్టుంటుంది. ఆ రాయిని చూస్తే వూంబ్‌వెల్‌కి ఆ సింహం మీద నిజంగానే ప్రేమ ఉందనిపిస్తుంది. అదే సింహాన్ని కుక్కల ముందుకి దింపినవాడూ ఆయనే. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండడం నాకు అసాధ్యమనిపించదు. సర్కసుల చరిత్ర నిండా ఇలాంటి మనుషులే ఉన్నారు.

మనుషులు కూడా మూల్యం చెల్లించారు. వూంబ్‌వెల్ మేనకోడలు ఎలెన్ బ్రైట్ ‘సింహాల రాణి’గా బోనులోకి వెళ్ళేది. 1850 జనవరిలో చాథమ్‌లో పులి ఆమెని చంపింది. ఆమెకి 17 ఏళ్ళు.

సముద్రం అవతల అమెరికాకి మొదటి ఏనుగు 1796లో వెళ్ళింది. అది మన బెంగాలు నుంచి వెళ్ళిందే, రెండేళ్ళ పిల్ల ఏనుగు. జాకబ్ క్రౌనిన్‌షీల్డ్ అనే ఓడ కెప్టెన్ దాన్ని న్యూయార్కులో దింపాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఓల్డ్ బెట్ అనే ఇంకో ఏనుగుని అక్కడ ఊరూరా తిప్పారు. పగలు నడిపిస్తే దారిలో జనం ఊరికే చూసేస్తారని, తిరిగే ఏనుగుల్ని రాత్రిళ్ళు చీకట్లో నడిపించేవాళ్ళు. పొద్దున్న కొట్టంలో టిక్కెట్టు పెట్టి చూపించడం, రాత్రి మళ్ళీ నడక. 1816లో మెయిన్ రాష్ట్రంలో ఒకడు ఓల్డ్ బెట్‌ని తుపాకీతో కాల్చి చంపాడు. పగటి దారంటూ లేని బతుకు దానిది.

జంబో సంగతి చాలామందికి తెలుసు. ఆఫ్రికాలో పట్టుకున్న ఈ ఏనుగు 1865 నుంచి లండన్ జూలో ఉంది. పిల్లలు దాని వీపెక్కి తిరిగారు. 1882లో అమెరికా సర్కసు యజమాని బార్నమ్ దాన్ని 2,000 పౌన్లకి కొన్నాడు. ఇంగ్లండు అంతా పంపొద్దని మొత్తుకున్నా పంపేశారు. మూడేళ్ళు రైలు పెట్టెలో ఊళ్ళు తిరిగింది. 1885 సెప్టెంబరు 15 రాత్రి, కెనడాలో సెయింట్ థామస్ అనే ఊళ్ళో ఆట ముగించుకుని తన పెట్టె ఎక్కడానికి పట్టాల మీద నడుస్తుండగా గూడ్సు బండి గుద్ది చనిపోయింది. ఏళ్ళ తరబడి దాన్ని సాకిన మాథ్యూ స్కాట్ పక్కనే ఉన్నాడు. బార్నమ్ జంబో తోలునీ అస్థిపంజరాన్నీ విడివిడిగా నిలబెట్టించి, వాటినీ ఊరూరా తిప్పాడు. ఆ ఎముకలు ఇప్పుడు న్యూయార్కు మ్యూజియంలో ఉన్నాయి. కొమ్మలూ బెరడూ నమలాల్సిన జంతువుకి మెత్తటి ఎండుగడ్డి మేపడంతో పళ్ళు వంకర తిరిగాయని వాటిని పరీక్షించినవాళ్ళు చెప్పారు. తిరిగే సర్కసుతో ఏనుగు మేసే అడవి తిరగదు కదా.

ఈ చరిత్రలో నేను ఎక్కువసేపు ఆగే మనిషి హాంబుర్గ్‌లో ఉండే కార్ల్ హాగన్‌బెక్. జంతువుల వ్యాపారంలో యూరపులో ఆయనకి సాటి లేదు. ఆఫ్రికా నుంచీ ఆసియా నుంచీ వేల జంతువుల్ని తెప్పించి జూలకీ సర్కసులకీ అమ్మాడు. పట్టే చోట, ఓడల్లో ఎన్ని చచ్చాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. అదే మనిషి, జంతువులకి కర్ర దెబ్బలతో కాకుండా తిండీ బుజ్జగింపుతో ఆట నేర్పొచ్చని నిరూపించాడు. కాల్చిన ఇనప కడ్డీలతో సింహాన్ని బెదిరించే పద్ధతి ఉన్న రోజుల్లో ఇది చిన్న మాట కాదు. ఆ తర్వాత 1907లో హాంబుర్గ్ పక్కన స్టెలింగెన్‌లో కొత్త రకం జూ తెరిచాడు. కమ్మీలు లేవు. ముందు లోతైన కందకం, వెనక రాళ్ళ గుట్టలు, నడుమ సింహాలు. ఇప్పుడు మన జూలు చాలావరకు ఆ దారినే ఉన్నాయి.

ఒకే మనిషికి ఒకే ప్రేమ ఉన్నప్పుడు, సర్కసుకి పంపిన సింహానికి బోను, స్టెలింగెన్‌లో ఉన్న సింహానికి గుట్టలు ఎందుకయ్యాయి? ఒకటి కదలాలి, ఒకటి కదలక్కర్లేదు. కందకాన్ని చక్రాల మీద పెట్టలేం. హాగన్‌బెక్ అంతటివాడు శిక్షణని మార్చగలిగాడు గానీ తిరిగే సర్కసులో బోను కొలతని మార్చలేకపోయాడు. మంచి రింగ్ మాస్టరుంటే, మంచి యజమాని ఉంటే జంతువులు సర్కసులో సుఖంగా ఉంటాయనేవాళ్ళకి నా జవాబు ఇదే. మంచితనం చాలకపోవడం కాదు, చోటు చాలదు.

మన దేశానికి ఊరూరా తిరిగే జంతువులు కొత్త కాదు. గంగిరెద్దుల వాళ్ళు, కోతులాడించేవాళ్ళు, పాములవాళ్ళు మన వీధుల వాళ్ళే. ఎలుగుబంటిని తెస్తే దడుసుకున్న పిల్లల్ని దాని మీద ఎక్కించేవాళ్ళు, దాని వెంట్రుకతో తాయెత్తు కట్టించేవాళ్ళు. గంగిరెద్దుని నేను మిగతావాటితో కలపను. అది మనిషితో పుట్టి పెరిగిన జీవం, ఇంటి ముందు నిలబడితే బియ్యం వేసి దణ్ణం పెట్టుకునేవాళ్ళం. ముక్కు కుట్టి తాడు కట్టిన ఎలుగు సంగతి వేరు. ఆ ఆట 2009తో మన దేశంలో ముగిసింది.

సర్కసు మాత్రం బయటి నుంచి వచ్చి మనదైంది. కియారీని అనే ఇటలీవాడి సర్కసు బొంబాయికి వస్తే, మహారాష్ట్రలో ఒక సంస్థానం గుర్రపుశాల చూసుకునే విష్ణుపంత్ ఛత్రే అది చూసి, మనవాళ్ళు ఇది చెయ్యలేరా అని పట్టుపట్టాడు. 1880 మార్చి 20న ఆయన గ్రేట్ ఇండియన్ సర్కస్ మొదటి ఆట ఆడింది. కేరళలో తలశ్శేరి దగ్గర కీలేరి కుంజికణ్ణన్ మాస్టారు సాముగారడీలు నేర్పి తయారుచేసిన మనుషులు ఆ తర్వాత దేశంలో ప్రతి డేరాలోనూ కనిపించారు. మనం ఎరిగిన జెమిని సర్కసు కూడా ఆ తలశ్శేరి మనిషి ఎం.వి. శంకరన్ 1951లో మొదలుపెట్టిందే.

తెలుగువాళ్ళకి సర్కసంటే ముందు గుర్తొచ్చే పేరు కోడి రామ్మూర్తి నాయుడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, సొంత సర్కసు పెట్టి దేశమంతా తిరిగాడు. కలియుగ భీముడన్నారు. గొలుసులు తెంచేవాడు, కార్లని ఆపేవాడు, ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకునేవాడు. ఇంగ్లండు రాజు అయిదో జార్జి దాకా వెళ్ళింది ఆయన కీర్తి. విశాఖ బీచి రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. దాని ముందు నిలబడితే నా ఆలోచన ఆ ఏనుగు మీదికి కూడా పోతుంది. మనిషి గుండె మీద పలక, ఆ పలక మీద ఏనుగు కాలు. ఆ కాలు ఒక్క వేలెడు పక్కకి పడినా, ఒక్క క్షణం తొందరపడినా ఆ ఘనత అక్కడితో సరి. అంత బరువున్న జంతువు అంత ఒబ్బిడిగా అడుగు వేసింది. రామ్మూర్తిగారి బలం ఎంత నిజమో, ఆ ఏనుగు ఓర్పూ అంత నిజం. ఆయన పేరు మనకి మిగిలింది. దాని పేరు ఎవరూ రాసిపెట్టలేదు.

సర్కసు జంతువులు మనకి ఏం ఇచ్చాయో కూడా న్యాయంగా చెప్పాలి. హైదరాబాదు నెహ్రూ జూ తెరిచింది 1963లో. విశాఖ జూ 1977లో, తిరుపతి జూ 1987లో. అంతకు ముందు మా అమ్మమ్మల తరం సింహాన్నీ నీటి ఏనుగునీ ఒంటెనీ చూసిందంటే సర్కసు డేరాలోనే. ఊరు దాటని ఆడవాళ్ళు, బడి మొహం ఎరగని పాలేర్లు, ‘ఇంత పెద్ద జీవం ఉందా లోకంలో’ అని నోరు తెరిచి చూశారు. ఆ ఆశ్చర్యం కల్తీ లేనిది. అయితే వాళ్ళు చూసిన సింహం స్టూలు మీద కూర్చున్న సింహం, మంట వలయంలోంచి దూకే సింహం. మనిషి చెబితే వినే జంతువని దాని గురించి నేర్చుకున్నారు. అది మందగా బతుకుతుందనీ, మైళ్ళ కొద్దీ నేల దాని ఇలాకా అనీ ఆ డేరా చెప్పలేదు. చెప్పే వీలు లేదు. బోనులో ఉన్నది సింహంలో సగమే, మిగతా సగం అది తిరిగే నేల.

ప్రేమ మాట మళ్ళీ ఎత్తుతాను, ఎందుకంటే సర్కసు మనుషుల్ని దుర్మార్గులుగా చిత్రించడం నాకు సహించదు. పుణేలో 1902లో పుట్టిన దామూ ధోత్రే పసివాడిగా సర్కసులో చేరి, చిరుతలూ నల్ల చిరుతలూ పులులతో ఆడుతూ యూరపు వెళ్ళి, అక్కణ్ణుంచి అమెరికాలో రింగ్లింగ్ సర్కసు దాకా పోయి ప్రపంచం మెచ్చిన శిక్షకుడయ్యాడు. ఆ పనిలో బతికి బట్టకట్టాలంటే జంతువు చెవి కదలికని, తోక విసురుని, ఊపిరి మార్పుని చదవాలి. అంత చదవగలిగినవాడికి దాని మీద మమకారం పుట్టకుండా ఉండదు. మన డేరాల్లో కూడా ఏనుగు పక్కనే గడ్డి మీద పడుకున్న మావటీలుండేవాళ్ళు. జ్వరమొచ్చిన పులి దగ్గర రాత్రంతా కూర్చున్నవాళ్ళుండేవాళ్ళు. తెల్లారితే మాత్రం డేరా విప్పి, లారీ ఎక్కించి, ఇంకో ఊరు పోవాలి. మావటి తనూ ఆ లారీలోనే పోవాలి. అతని గుడారమూ ఇరుకే. ఆ మాటకొస్తే సర్కసులో వెడల్పుగా ఉండేది రింగు ఒక్కటే.

చట్టం ఆలస్యంగా వచ్చింది. 1991లో కేంద్రం ఎలుగులు, కోతులు, పులులు, చిరుతలు, కుక్కలతో ఆటలు ఆడించకూడదని ఉత్తర్వు ఇచ్చింది. సర్కసులవాళ్ళు కోర్టుకెళ్ళారు. మళ్ళీ పరిశీలించి 1998 అక్టోబరులో కుక్కల్ని తీసేసి, సింహాల్ని చేర్చి కొత్త ఉత్తర్వు ఇచ్చారు. మా వృత్తి స్వేచ్ఛ ఏమవుతుందని సర్కసు యజమానులు వాదించారు. 2000లో కేరళ హైకోర్టు, 2001 మే 1న సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేశాయి. ఏనుగులు ఇంకొన్నేళ్ళు డేరాల్లోనే ఉండిపోయాయి. అమెరికాలో రింగ్లింగ్ వాళ్ళు ఏనుగుల్ని 2016లో ఆపారు, మరుసటేడు సర్కసే మూశారు, 2023లో జంతువులు లేకుండా మళ్ళీ మొదలుపెట్టారు.

మన సుప్రీంకోర్టు తీర్పు తర్వాత డేరాల్లోని వందల సింహాలు, పులులు ఎక్కడికి పోవాలి? అడవికి పంపితే వేట రాదు, మనిషి భయం లేదు. కేంద్ర జూ అథారిటీ కొన్ని చోట్ల రక్షణ కేంద్రాలు కట్టింది. వాటిలో రెండు మన తెలుగు నేల మీదే ఉన్నాయి. ఒకటి విశాఖ జూ దగ్గర, ఒకటి తిరుపతిలో శేషాచలం పాదాల దగ్గర. ఇది మనం గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి, కానీ ఎక్కువమందికి తెలియదు. వాటి మీద కథా రాలేదు, సినిమా రాలేదు. ముసలివైన జంతువులు లారీల్లో వచ్చి, ఆడక్కర్లేని, కదలక్కర్లేని చోట దిగాయి. వాటికి మాంసం కోసి పెట్టినవాళ్ళు, పుళ్ళకి మందు రాసినవాళ్ళు మన ఊళ్ళ మనుషులే. అయితే బోనులో ఏళ్ళు గడిపిన జంతువుని పెద్ద ఆవరణలో వదిలినా, పాత నడకని అంత తొందరగా మరిచిపోదు. చుట్టూ చోటు ఉన్నా అదే నాలుగడుగుల కొలతలో తిరుగుతుంది. జంతువుల ప్రవర్తన చదివినవాళ్ళు దీన్ని ఎన్నో చోట్ల చూశారు. బోను బయట ఉన్నది తీసెయ్యొచ్చు, ఒంట్లో చేరినది తియ్యలేం.

ఆ సింహాల్లో చాలావాటికి ఇంకో దురదృష్టం ఉంది. మన గిర్ సింహాలనీ ఆఫ్రికా సింహాలనీ కలిపి సర్కసుల్లో పిల్లల్ని పుట్టించారు. అలా పుట్టినవి ఇటూ కావు, అటూ కావు. గిర్ జాతి స్వచ్ఛంగా నిలవాలంటే వీటి సంతానం పెరగకూడదు. అందుకని వాటిని జతకట్టనివ్వలేదు, పిల్లలు పుట్టకుండా మగవాటికి ఆపరేషన్లు చేశారు. ముసలితనంతో ఒక్కొక్కటీ పోయింది. ఆ వంశం అలా ముగియాలనే నిర్ణయం తీసుకున్నారు. కఠినమైన నిర్ణయమే, నేను దాన్ని సరైనదనే అంటాను. మనం చేసిన తప్పుకి అవి వారసులు కాకూడదు.

దగ్గరగా చూడాలన్న కోరిక మాత్రం మనలో అలాగే ఉంది. నల్లమలలో ఫరహాబాదు సఫారీకి వెళ్ళి, పులి కనిపించలేదని విసుక్కుంటూ తిరిగొచ్చేవాళ్ళని చూస్తుంటాను. డబ్బు కట్టాం, పొద్దున్నే లేచాం, మట్టిలో అడుగుల గుర్తులు తప్ప ఏమీ లేవు అంటారు. నాకైతే ఆ అడుగుల గుర్తులు చాలు. పులి తన పని మీద తను పోయింది. మనం దాని ఇంటికి వెళ్ళాం, అది ఇంట్లో లేదు. అది లేకపోవడానికి దానికి హక్కుంది. తాతయ్య చూసిన బోనులో పులికి లేనిది సరిగ్గా ఆ హక్కే.

ఇక సర్కసు మనుషుల మాట. జంతువులు పోయాక జనం తగ్గారు. 2011లో పిల్లలతో ఆటలు ఆడించకూడదని సుప్రీంకోర్టు చెప్పింది, అదీ న్యాయమే. ఈ రెండు న్యాయాల బరువూ మోసింది మాత్రం ఊయల మీద వేలాడే అమ్మాయిలు, తాడు మీద నడిచేవాళ్ళు, రంగు పూసుకున్న బఫూన్లు, మేకులు కొట్టే కూలీలు. ఏనుగు లేని సర్కసు ఏం సర్కసని మనం వెళ్ళడం మానేశాం. అంటే ఆ మనుషుల పనితనానికి మనం ఏ రోజూ విలువ కట్టలేదన్నమాట. చట్టం జంతువులకి చోటు చూపించింది. ఆ జంతువులతో కలిసి తిన్న మావటీలకీ, కాపలావాళ్ళకీ అలాంటి కేంద్రం ఏదీ కట్టలేదు.

కాబట్టి మీ ఊళ్ళో ఎప్పుడైనా డేరా పడితే, జంతువుల్లేవు కదా అని తీసిపారెయ్యకండి. పిల్లల్ని తీసుకెళ్ళండి. ముందు వరసలో కూర్చోబెట్టండి. డేరా కప్పు దగ్గర, ఒక ఊయల వదిలి ఇంకో ఊయల అందుకునే ఆ క్షణాన్ని వాళ్ళకి చూపించండి. అక్కడ ఎగిరే మనిషి తన ఇష్టంతో ఎగురుతోంది, రెక్కల కష్టం తిని బతుకుతోంది. జంతువుల్ని వదులుకుని నిలబడ్డ సర్కసుకి మనం బాకీ ఉన్నాం. టిక్కెట్టు కొని తీర్చండి.